జేబులోని డాలరుపై సర్కారు చూపు

విదేశ ప్రయాణానికి సిద్ధమయ్యే పౌరుణ్ణి మన ప్రభుత్వం చిరకాలంగా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: చేతిలో ఎంత ఉన్నది, ఎక్కడినుంచి వచ్చినది? ప్రశ్న మారలేదు గాని, అడిగే తీరు మారింది. వెనుకటి రోజులలో ఆ ప్రశ్న వెనుక జైలు ఉండేది. ఇప్పుడు పన్ను ఉన్నది. ఈ మార్పును హర్షించవలసిందే. అయితే పన్ను భారం ఎవరిమీద ఎంత పడుతున్నదో చూసినప్పుడు హర్షం కొంత తగ్గుతుంది.

మారకద్రవ్య నియంత్రణ స్వతంత్ర భారతం కల్పించినది కాదు. 1939 సెప్టెంబరులో, ప్రపంచ యుద్ధం ఆరంభమైన తరుణంలో, బ్రిటిష్ ప్రభుత్వం దానిని భారత రక్షణ నిబంధనల కింద ప్రవేశపెట్టింది. యుద్ధం ముగిసింది, నియంత్రణ మాత్రం మిగిలిపోయింది. కొంతకాలానికని 1947లో చేసిన చట్టాన్ని 1957లో శాశ్వతం చేశారు. తాత్కాలికమని చెప్పి తెచ్చిన చట్టాలకు ఢిల్లీ వాతావరణం బాగా పడుతుంది కాబోలు!

అరవయ్యో దశకం చివర అమెరికాకు బయలుదేరిన మన డాక్టర్లను, ఇంజనీర్లను అడిగితే వారందరూ ఒకే అంకె చెబుతారు: ఎనిమిది డాలర్లు. రిజర్వు బ్యాంకు 'పి' ఫారం సాధించుకున్న తరువాత చేతికి దక్కిన పైకం అంతే. ఆ పైకంతో న్యూయార్కులో దిగి, ఎవరైనా మిత్రుడు విమానాశ్రయానికి రాకపోతే ఏమయ్యేదో ఊహించుకోవలసిందే. 1974 జనవరి 1న అమలులోకి వచ్చిన విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టం, అనగా 'ఫెరా', ఉల్లంఘనకు ఏడేళ్ల వరకు ఖైదు విధించవచ్చునన్నది. కొన్ని విషయాలలో తాను నిర్దోషినని రుజువు చేసుకునే బాధ్యతను నిందితునిమీదనే మోపింది. అదే సంవత్సరం వచ్చిన 'కాఫెపోసా' విచారణ లేని నిర్బంధానికి దారి తీసింది. అత్యవసర పరిస్థితి కాలంలో ఆ చట్టాన్ని సవరించి, నిర్బంధానికి కారణం కూడా చెప్పనక్కరలేని వీలు కల్పించుకున్నారు. దొంగరవాణాదారులను ఉద్దేశించిన చట్టాలేనన్న మాట నిజమే గాని, నాలుగు డాలర్లు దాచుకున్న సామాన్యుడు కూడా ఆ నీడలోనే బతికాడు.

ఈ కఠినత్వానికి మూలం దేశం పేదరికం. ఖజానాలో డాలర్లు లేని ప్రభుత్వం పౌరుని జేబు తడుముతుంది. 1991 జూలైలో 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల వద్ద కుదువపెట్టవలసి వచ్చిన నాడు ప్రధానమంత్రి మన పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. అక్కడినుంచి మూడేళ్లు తిరగకముందే రూపాయి మారకపు రేటును మార్కెట్టుకు వదిలారు. 1994 ఆగస్టులో ప్రయాణం, చదువు, వైద్యం వంటి అవసరాలకు రూపాయి మార్పిడిని నిర్బంధించబోమని అంతర్జాతీయ ద్రవ్యనిధికి మాట ఇచ్చారు. ఫెరాకు బదులు 'ఫెమా' బిల్లు 1999లో సభకు వచ్చినప్పుడు నేను ప్రెస్ గ్యాలరీలో కొత్తవాణ్ణి. చట్టం పేరులో 'నియంత్రణ' పోయి 'నిర్వహణ' చేరింది. ఆ ఒక్క మాట మార్పుతో నేరం కాస్తా జరిమానా వ్యవహారమైంది. 2000 జూన్ 1 నుంచి అది అమలులో ఉన్నది. 2004లో ఏడాదికి 25,000 డాలర్లు తీసుకోవచ్చునన్నారు. ఆ పరిమితి పెరుగుతూ, 2013లో రూపాయి పతనమైనప్పుడు ఒక్కసారిగా తగ్గి, 2015లో 2,50,000 డాలర్లకు చేరింది.

అయితే డాలరుపై అధికారులకు మోజు పోలేదు. 2023 మార్చి 24న ఫైనాన్సు బిల్లు లోక్‌సభలో ప్రతిపక్ష సభ్యుల నినాదాల మధ్య చర్చ లేకుండానే ఆమోదం పొందింది. విదేశాలలో క్రెడిట్ కార్డుతో చేసే ఖర్చులు మూలంలో పన్ను వసూలుకు అందకుండా పోతున్నాయనీ, ఆ సంగతి చూడవలసిందిగా రిజర్వు బ్యాంకును కోరుతున్నామనీ ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆనాడే ప్రకటించారు. ఆ గోలలో ఎందరు విన్నారో! సమావేశాలు ముగిసిన తరువాత, మే 16న నోటిఫికేషన్ వచ్చింది. కార్డు ఖర్చులన్నీ వార్షిక పరిమితిలోకి చేరాయి. బడ్జెట్టులో ప్రతిపాదించిన పన్ను చూస్తే ఇరవై శాతం! మధ్యతరగతి గగ్గోలు పెట్టింది. మూడే రోజులకు ఏడు లక్షల రూపాయల వరకు కార్డు ఖర్చులకు మినహాయింపు ప్రకటించారు. జూన్ 28న కార్డుల విషయాన్నే వాయిదా వేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ ఏడు లక్షలు పది లక్షలయ్యాయి.

ఫెమా కింద చేసే నిబంధనలను ఉభయసభల ముందు ఉంచాలని చట్టంలోనే ఉన్నది. వాటిని మార్చే, రద్దు చేసే హక్కు సభలకు ఉన్నది. కాని ఈ సందర్భంలో నోటిఫికేషన్‌ను వెనక్కు నెట్టినది సభ కాదు, పత్రికలలోనూ ప్రజలలోనూ లేచిన అలజడి. పార్లమెంటు విలేఖరిగా దీనిని ఒప్పుకోవడం నాకు ఇష్టమైన పని కాదు.

ఇక ప్రయాణికులకు తెలియవలసిన నిబంధనలు కొన్ని. నోట్ల రూపంలో ఒక్కో ప్రయాణానికి సాధారణంగా 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు, మిగిలినది కార్డులో వేసుకోవాలి. యాభై వేల రూపాయలు దాటితే చెక్కు ద్వారానో బ్యాంకు ఖాతానుంచో చెల్లించాలి. తిరిగి వచ్చాక మిగిలిన పైకాన్ని 180 రోజులలో అప్పగించాలి. రెండువేల డాలర్ల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. విదేశంలో కార్డు గీసినప్పుడు రూపాయలలో చెల్లిస్తారా అని యంత్రం మర్యాదగా అడిగితే, అంతే మర్యాదగా వద్దనడం లాభం. ఆ మర్యాదకు వేరే రేటు ఉంటుంది.

నేపాల్, భూటాన్‌లకు ఈ పద్ధతి వర్తించదు. ఆ ప్రయాణాలకు మారకద్రవ్యం ఇవ్వడమే నిషిద్ధం. మన రూపాయి అక్కడ చెల్లుతుందన్నది కారణం. భూటాన్ నాణెం మన రూపాయితో సమానం. నేపాల్‌లో 1993 నుంచి మన రూపాయికి వారి రూపాయి అరవై పైసలు. కాని 2018 డిసెంబరులో ఖాట్మండూ ప్రభుత్వం వంద పైబడిన భారతీయ నోట్లను నిషేధించినప్పుడు, పశుపతినాథుని దర్శనానికి వెళ్లిన మన యాత్రికులకు వంద నోట్ల కట్టలు మోయక తప్పలేదు.

కొంతకాలం క్రితం శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రివేళ ఒక మార్పిడి కౌంటర్ వద్ద నిలబడ్డాను. నా ముందు జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు దుబాయికి పోతూ అయిదువేల రూపాయలకు దిర్హాములు అడిగాడు. లెక్క చూసుకుని నావైపు తిరిగి, "గింతేనా సార్? పోయినకాడ ఇంకింత ఎక్కువొస్తదా?" అన్నాడు. బోర్డు మీద కొనే రేటుకూ అమ్మే రేటుకూ నడుమ ఉన్న అగాధంలో అతని సొమ్ము కొంత పోయింది. ఊరిలోనే, నగరంలోనే రెండు మూడు చోట్ల విచారించి కొనుక్కునే తీరిక అతనికి ఎవరిచ్చారు?

రేటు వ్యాపారం సంగతి. పన్ను మాత్రం ప్రభుత్వం సంగతి. మార్పిడిపై జి.ఎస్.టి. లెక్కించే ఒక పద్ధతిలో, లక్ష రూపాయల వరకు ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని దానిపై 18 శాతం వేస్తారు. కాని ఆ విలువ ఎంత చిన్న మొత్తానికైనా 250 రూపాయలకు తగ్గరాదు. అందుచేత అయిదువేలు మార్చిన ఆ యువకునికి పడే పన్ను 45 రూపాయలు, అనగా నూటికి తొంభై పైసలు. లక్ష దాటిన మొత్తంపై సేవ విలువ అర శాతమే. పది లక్షలు మార్చే పెద్దమనిషికి పడేది 990 రూపాయలు, అనగా నూటికి పది పైసలు కూడా నిండదు. తొమ్మిది రెట్ల తేడా!

కార్డు ఖర్చుమీద కన్ను పడగానే దేశం మూడు రోజులలో కదిలింది. ఈ నలభై అయిదు రూపాయల మాట సభలో ఎవరైనా ఎత్తగా విన్న జ్ఞాపకం నాకు లేదు. గల్ఫు వెళ్లేవానికి పత్రికలో ఉత్తరం రాసే అలవాటు ఉండదు. ఇటువంటి నిబంధనలు జి.ఎస్.టి. మండలి సిఫారసుపై మారుతాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఆ మండలిలో చోటున్నది. నిజామాబాదు, కరీంనగర్, కోనసీమల నుంచి గల్ఫుకు పోయేవారి ఓట్లతో వచ్చిన సభ్యులు లోక్‌సభలోనూ ఉన్నారు. ఆ 250 రూపాయల కనీస విలువను ఎత్తివేయమని అడగడానికి ఒక చిన్న ప్రశ్న నోటీసు చాలు.