సానచక్రము - ఉలి పదును

పిల్లలాడుకొను ఏటికొప్పాక లక్కపిడతలను అంకుడుకర్రతో తరిమెనపై, అనగా లేతుపై, చేయుదురు. తిరుగుచున్న కర్రకు లక్క నొత్తినచో ఒరిపిడి వేడికి కరగి అంటుకొనును. ఆ వేడియే సానచక్రమువద్ద ఉలికి శత్రువు. కార్బన్ ఉక్కు అంచు సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడున నీలివర్ణము దాల్చును, ఉక్కు మెత్తబడినదన్నమాట. పిమ్మట నీట ముంచినను కాఠిన్యము తిరిగి రాదు. నీలి మేర అరగదీయవలసినదే. కావున ఏటవాలు ముఖమును చక్రమునకు తేలికగా ఆనించి, కదపుచు, నడుమనడుమ నీట చల్లార్చవలెను. అదిమిపట్టిన పని త్వరపడునని కొందరి భ్రమ. త్వరపడునది ఉలి అరుగుదలయే! హైస్పీడ్ ఉక్కు 500 డిగ్రీల వేడికిని కాఠిన్యము విడువదు. కాని కాగినదానిని నీట ముంచిన సన్నని పగుళ్లు పడవచ్చును. కండ్లకు రక్షణ అద్దములు తప్పనిసరి. తుదకు అంచును దీపమునకెదురుగా పట్టి చూడుడు: తెల్లనిగీత మెరసినచో ఇంకను మొద్దు, ఏమియు మెరయకున్న పదునెక్కినట్లే.