పన్ను పీకించుకుంటున్నారా? ముందు ఈ సంగతులు తెలుసుకోండి

పంటినొప్పిని నెలల తరబడి భరించేవారు కూడా పన్ను పీకించుకోవాలంటే జంకుతారు. లవంగ నూనె పెడతారు. నొప్పి మాత్ర మింగుతారు. ఆ పూట గడిస్తే ఆ సంగతే మరచిపోతారు. చివరికి దవడ వాచి, నోరు తెరవలేని స్థితిలో ఏ అర్ధరాత్రో ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

నిజానికి పన్ను తీయడం చాలావరకు కొద్ది నిమిషాల పని. చిక్కులు ఎక్కువగా ఆ కొద్ది నిమిషాల్లో రావు. ముందు డాక్టరుకు చెప్పకుండా దాచిన విషయాల వల్ల వస్తాయి. తరువాత ఇంటికి వెళ్లి చేసే పనుల వల్ల వస్తాయి. ఈ రెండూ రోగి చేతిలో ఉన్నవే.

ఏ పన్ను తీయించాలి?

నొప్పి పెట్టిన ప్రతి పన్నునూ పీకించుకోవలసిన అవసరం లేదు. పిప్పి లోపలి నరం దాకా పాకినా, వేరు గట్టిగా ఉంటే 'రూట్ కెనాల్' వైద్యంతో చాలాసార్లు పన్నును నిలబెట్టుకోవచ్చు. మరమ్మతుకు వీలులేనంతగా పుచ్చిపోయినది, వేరు నిలువునా చీలినది, చిగుళ్ల వ్యాధితో ఎముక కరిగి ఊగిపోతున్నది, అడ్డంగా మొలిచి మాటిమాటికీ వాచే జ్ఞానదంతం - ఇటువంటివి తీయించక తప్పదు. ఏది ఏ కోవకు చెందుతుందో ఎక్స్‌రే చూస్తేగాని తేలదు. కనుక "పీకెయ్యండి డాక్టరుగారూ" అని మీరే తీర్పు చెప్పకండి. "కాపాడే వీలుందా?" అని ముందు అడగండి.

కంటిచూపు పోతుందా?

పై పన్ను పీకిస్తే చూపు మందగిస్తుందన్న భయం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఇది వట్టి అపోహ. కంటిచూపును మెదడుకు చేరవేసే నరం వేరు. పై పళ్లకు వెళ్లే నరం వేరు. నలభై దాటాక చత్వారం వస్తుంది, పళ్లు కదలడమూ ఆ వయసులోనే మొదలవుతుంది గనుక, పెద్దలు రెండింటికీ ముడిపెట్టి ఉంటారు. పైగా, పై పంటిలో చీము పట్టినా పట్టించుకోకపోతే ఆ వాపు కంటి చుట్టూ పాకవచ్చు. అంటే కంటికి ముప్పు పన్ను తీయించడం వల్ల కాదు, చెడిన పన్నును అలాగే ఉంచుకోవడం వల్ల!

నొప్పి తెలుస్తుందా?

పన్ను పీకించుకోవడం ఒకప్పుడు నరకయాతనే. 1844 డిసెంబరులో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువు పీల్చి, తన పన్నునే తీయించుకుని, నొప్పి లేకుండా ఈ పని చేయవచ్చని తెలుసుకున్నాడు. ఇప్పుడు చాలామందికి ఒళ్లు తెలియని మత్తుతో పనే లేదు. లిగ్నోకెయిన్ వంటి మందు ఇంజక్షనుతో ఆ చోటు మాత్రమే మొద్దుబారుతుంది. డాక్టరు పన్నును కదిలించేటప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. తెలిస్తే చెయ్యెత్తి చెప్పండి. మళ్లీ మందు ఇస్తారు.

చీము పట్టి బాగా వాచినచోట ఈ మందు సరిగా పనిచేయకపోవచ్చు. "తగ్గాక చూద్దాం" అంటూ వాచేదాకా ఆగడం ఇందుకే మంచిది కాదు.

ఈ ఇంజక్షనుకు ఖాళీ కడుపుతో వెళ్లనక్కరలేదు. తేలికగా ఫలహారం చేసి వెళ్లండి. లేకుంటే కళ్లు తిరగవచ్చు. పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం డాక్టరు చెప్పిన గంటల ప్రకారం ఉపవాసం ఉండాలి.

డాక్టరుకు దాచకూడనివి

"పన్నుకూ గుండెకూ ఏమిటి సంబంధం?" అనుకుని చాలామంది తమ జబ్బుల మాట ఎత్తరు. మీరు వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లండి. ముఖ్యంగా ఈ విషయాలు చెప్పి తీరాలి:

రక్తాన్ని పలచబరచే మందులు: గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చినవారు ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటారు. పన్ను పీకాక రక్తం ఆగదేమోనన్న భయంతో కొందరు నాలుగు రోజుల ముందే వాటిని తమంతట తామే మానేస్తారు. ఇది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. పంటి గుంటలో కారే రక్తాన్ని నొక్కిపట్టి, కుట్టు వేసి ఆపవచ్చు. స్టెంటులోనో మెదడులోనో రక్తం గడ్డకడితే దాన్ని అంత తేలికగా సరిచేయలేం. డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మానకండి. వార్ఫరిన్ వాడేవారు ముందుగా ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించుకోవాలి.

చక్కెర వ్యాధి, రక్తపోటు: చక్కెర అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు. రోజూ వాడే మందు, ఫలహారం మానకుండా ఉదయం పూటే వెళ్లడం మేలు. రక్తపోటు 180/110 దాటి ఉంటే, తొందరలేని పన్నును అదుపులోకి వచ్చాకే తీయించుకోవాలి.

గుండె కవాటం: కృత్రిమ కవాటం అమర్చినవారికి పన్ను తీసే ముందు, గంటలోపల, యాంటీబయాటిక్ ఇవ్వాలి. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో చేరి కవాటాన్ని పట్టకుండా ఇది కాపాడుతుంది.

ఎముకల మందులు, రేడియేషను: ఎముకలు గుల్లబారినందుకో, కాన్సరు ఎముకకు పాకినందుకో జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజక్షన్లు తీసుకున్నవారికి, దవడకు రేడియేషను ఇచ్చినవారికి పన్ను తీసినచోట ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. ఆ చికిత్సలు మొదలుపెట్టకముందే పళ్లు చూపించుకోవడం ఉత్తమం.

గర్భిణులు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తీయించుకోవడం సౌకర్యం. అత్యవసరమైతే ఏ నెలలోనైనా వైద్యం చేయవలసిందే. మందులు పడకపోవడం, చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం వంటివి ఉన్నా ముందే చెప్పాలి.

మొదటి 24 గంటలు

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డే ప్రకృతి వేసిన కట్టు. దాని కింద నుంచే పుండు మానుతుంది. తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ దాన్ని కదిలించకుండా ఉంచడానికే.

డాక్టరు పెట్టిన గాజుగుడ్డను అరగంట, ముప్పావుగంట గట్టిగా కరచిపట్టండి. నిమిషానికోసారి తీసి చూడకండి. మాటిమాటికీ ఉమ్మకండి, ఉమ్మినకొద్దీ రక్తం వస్తుంది. ఆ రోజంతా నోరు పుక్కిలించకండి. గొట్టంతో ఏదీ పీల్చి తాగకండి. నాలుకతో, వేలితో గుంటను తడమకండి. మొద్దుదనం పోయేదాకా ఏమీ నమలకండి. పెదవి, బుగ్గ కొరుక్కుపోయినా తెలియదు. పిల్లల విషయంలో ఇది మరీ జాగ్రత్త.

తరువాత మెత్తని పెరుగన్నం, చల్లారిన జావ తీసుకోవచ్చు. వేడి కాఫీ, ఆవకాయ, కారాలు ఆ రోజుకు వద్దు. వాపు తగ్గాలని బుగ్గకు వేడి కాపడం పెట్టకండి. చల్లని గుడ్డ మంచిది. సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ కనీసం మూడు రోజులు మానాలి. అంతకన్నా, ఆ వంకతో పూర్తిగా మానేస్తే మరీ మంచిది.

నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది. మాత్రను చిగురు మీద పెట్టి నొక్కడం తప్పు. చిగురు కాలి పుండవుతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోకండి. పన్ను తీయించుకున్న ప్రతివారికీ అవి అవసరం లేదు.

మర్నాటి నుంచి గోరువెచ్చని నీళ్ల గ్లాసులో అర చెంచా ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా నోట్లో తిప్పి వదిలేయండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

రెండో రోజు తగ్గినట్టే ఉండి, మూడో రోజు చెవిదాకా లాగే నొప్పి, నోటి దుర్వాసన మొదలైతే, రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడిందేమో అనుకోవాలి. కింది దవడ పళ్లకు, పొగతాగేవారికి ఇది ఎక్కువ. ప్రమాదం లేదుగాని బాధ ఎక్కువ. డాక్టరు కడిగి, మందు పెడితే ఉపశమిస్తుంది.

కొత్త గాజుగుడ్డతో మరో అరగంట నొక్కిపట్టినా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. దవడ కింద, మెడలో వాపు పెరుగుతున్నా, జ్వరంతోపాటు మింగడం, నోరు తెరవడం కష్టమైనా, నాలుక పైకి లేచినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా ఒక్క గంట కూడా ఆగవద్దు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ వాపు గొంతును మూసివేసి ప్రాణం తీయగలదు. ఇది పన్ను పీకించుకోకుండా, చీముతో కాలక్షేపం చేసేవారికీ వస్తుంది.

ఖాళీ అలాగే ఉంచవచ్చా?

చిగురు రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. జ్ఞానదంతమైతే మళ్లీ పెట్టించుకోనక్కరలేదు. నమిలే పన్నయితే మాత్రం ఆ సందులోకి పక్కపళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను సాగుతుంది. కట్టుడు పన్ను సంగతి డాక్టరుతో అప్పుడే మాట్లాడండి.

ఖర్చుకు వెరచి రోడ్డు పక్కన పళ్లు పీకేవారి దగ్గరకు వెళ్లకండి. శుభ్రపరచని పనిముట్లతో కామెర్లు, హెచ్.ఐ.వి. వంటివి అంటే ప్రమాదముంది. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలోనూ దంతవైద్య విభాగం గురించి విచారించండి.

ఇంతకూ, పళ్లు పుచ్చకుండా రోజుకు రెండుసార్లు తోముకుంటే, తీపి తగ్గించుకుంటే ఈ వ్యాసంతో మీకు పనే ఉండదు. అప్పటికీ పన్ను నొప్పి పెడితే వాచేదాకా ఆగకండి. మందుల చీటీ జేబులో పెట్టుకుని పగటిపూటే డాక్టరు దగ్గరకు వెళ్లండి.