షుగర్‌కు పసుపు: అపోహలు – వాస్తవాలు

షుగర్ వచ్చిందని తెలిస్తే చాలు, పసుపు గురించి సలహా ఇవ్వని చుట్టం ఉండదు. పరగడుపున పసుపు నీళ్లు తాగమంటారొకరు, రాత్రి పసుపు పాలంటారు ఇంకొకరు. ఈమధ్య మెడికల్ షాపుల్లో పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థంతో చేసిన క్యాప్సూళ్లూ వచ్చాయి. వీటితో కిడ్నీలు, కళ్లు, నరాలు భద్రంగా ఉంటాయని నమ్మి అసలు మందులు పక్కన పెట్టేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. పసుపులో గుణం లేదని ఎవరూ అనడం లేదు. ఆ గుణం ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవాలి.

అపోహ: షుగర్ నుంచి కళ్లను పసుపు కాపాడుతుందని హైదరాబాద్ శాస్త్రవేత్తలే తేల్చారు.

వాస్తవం: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఈ పరిశోధన జరిగిన మాట నిజం. మనం గర్వపడాల్సిన పనే అది. అయితే అది జరిగింది ఎలుకల మీద. ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసే స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనాన్ని ఎక్కించి వాటికి షుగర్ తెప్పించారు. మేతలో కొన్నింటికి పసుపు, కొన్నింటికి కొద్దిపాటి కర్క్యుమిన్ కలిపారు. ఆ ఎలుకల్లో కంటి శుక్లం ఆలస్యంగా ముదిరింది. ఫలితాలు 2005లో వచ్చాయి.

ఇందులో చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. ఆ ఎలుకల రక్తంలో షుగర్ తగ్గలేదు. షుగర్ ఎక్కువగానే ఉన్నా, అది కంటి కటకానికి చేసే చెరుపు మాత్రం నెమ్మదించింది. శాస్త్రవేత్తలకు ఆసక్తి కలిగించిందీ అదే. దాన్ని పట్టుకుని పసుపు షుగర్‌ను దించుతుందని ప్రచారం చేయడం తప్పు.

అదే సంస్థ 2003లో వెల్లడించిన మరో ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. గెలాక్టోజ్ అనే చక్కెర మేపి శుక్లం తెప్పించిన ఎలుకల్లో, మేతలో 0.002 శాతం కర్క్యుమిన్ కలిపితే శుక్లం ఆలస్యమైంది. మోతాదు ఐదు రెట్లు పెంచి 0.01 శాతం చేస్తే శుక్లం ఇంకా త్వరగా ముదిరింది. ఎంత ఎక్కువ తింటే అంత మంచిదనుకునేవాళ్లు ఈ ఒక్క ఫలితం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో మాట. శుక్లం వచ్చేది కటకానికి. షుగర్ వల్ల చూపు శాశ్వతంగా పోయే రెటినోపతి వచ్చేది కంటి వెనకున్న రెటీనాకు. రెండూ వేరు జబ్బులు; పై ప్రయోగాలు చూసింది శుక్లాన్ని మాత్రమే.

అపోహ: రోజూ కూరల్లో వేసే పసుపే మందు.

వాస్తవం: థాయ్‌లాండ్‌లో షుగర్ అంచున ఉన్న 240 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. తొమ్మిది నెలల్లో ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్నవారిలో 16.4 శాతం మందికి షుగర్ వచ్చింది, కర్క్యుమిన్ తీసుకున్నవారిలో ఎవరికీ రాలేదు. మంచి ఫలితమే. అయితే వాళ్లు తీసుకున్నది రోజుకు ఒకటిన్నర గ్రాము. పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం ఉంటుందనుకుంటే, అంత రావాలంటే రోజుకు 50 గ్రాముల పసుపు తినాలి. నిజామాబాద్ పసుపైనా, దుగ్గిరాల పసుపైనా ఆ లెక్కలో పెద్ద తేడా రాదు. పైగా అప్పటికి వాళ్లకింకా షుగర్ రాలేదు. దెబ్బతిన్న కిడ్నీ బాగవుతుందా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు కాదు.

అపోహ: మిరియాలు కలిపితే పసుపు ఒంటికి పట్టని సమస్య తీరిపోతుంది.

వాస్తవం: కర్క్యుమిన్ ఒంటికి పట్టడం చాలా కష్టం. పేగులు, కాలేయం దాన్ని వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. మిరియాల్లోని పైపెరిన్ ఆ పనికి అడ్డుపడుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లోనే దీన్ని చూపించారు. అయితే పైపెరిన్ కొన్ని ఇతర మందులు విరిగిపోకుండా కూడా అడ్డుపడుతుంది. నాలుగైదు రకాల బిళ్లలు వేసుకునే షుగర్ రోగికి ఇది చిన్న విషయం కాదు.

అపోహ: ప్రకృతి సహజం కాబట్టి హాని ఉండదు.

వాస్తవం: వంటలో వాడే పసుపుతో భయం లేదు, నిశ్చింతగా వాడుకోండి. జాగ్రత్త పడాల్సింది క్యాప్సూళ్ల దగ్గర. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పది కేసులను అమెరికా వైద్యులు 2022లో వివరించారు. వారిలో ఒకరు చనిపోయారు. పసుపులో ఆక్సలేట్ కూడా ఎక్కువే. అది మోతాదు మించి చేరితే కిడ్నీలకే చేటు.

అపోహ: మొక్కల మందు వేరు, డాక్టరు రాసే బిళ్ల వేరు.

వాస్తవం: షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో కనిపించే మెట్‌ఫార్మిన్ కథ గలేగా అనే యూరప్ మొక్కతో మొదలైంది. ఇంకొక మందు కథ మరీ ఆసక్తికరం. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది మూత్రంలో చక్కెరను బయటికి పంపుతుంది. దానికీ కర్క్యుమిన్‌కున్న చిక్కే ఉంది, పేగుల్లో సరిగా ఒంటికి పట్టదు. రసాయన శాస్త్రవేత్తలు దాని రూపు మార్చి, ఏళ్ల తరబడి శ్రమించి డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు తెచ్చారు. 4,304 మంది కిడ్నీ రోగులపై చేసిన పరీక్షలో, కిడ్నీ బాగా దెబ్బతినడం లేదా ఆ కారణంగానో గుండెజబ్బుతోనో చనిపోవడం అనే ముప్పును డాపాగ్లిఫ్లోజిన్ 39 శాతం తగ్గించిందని 2020లో తేలింది. అవయవాలను నిజంగా కాపాడే స్థాయికి ఒక మొక్క పదార్థం చేరడానికి అంత దూరం నడవాలి. కర్క్యుమిన్ ఇంకా దారిలోనే ఉంది.

కాబట్టి పసుపు పాలు ఇష్టమైతే చక్కెర, బెల్లం వేయకుండా తాగండి. డాక్టరు రాసిన మందులు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, చుక్కల మందు వేసి చేసే రెటీనా పరీక్ష చేయించుకోండి. ఇప్పటికే కర్క్యుమిన్ క్యాప్సూల్ వాడుతుంటే, ఆ డబ్బా పట్టుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.