అణుబాంబుపై పాలపళ్ల సాక్ష్యం

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన మొట్టమొదటి తీర్మానం దేని గురించో తెలుసా? అణ్వాయుధాల నిర్మూలనకు దారి వెతికే సంఘం వేయడం గురించి. తేదీ 1946 జనవరి 24. తీర్మానమైతే చేశారు గానీ, నాయకులను చర్చలకు కూర్చోబెట్టడానికి చాలాసార్లు జనమే పూనుకోవాల్సి వచ్చింది.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాని బూడిద జపాన్ చేపల పడవ ఒకదాని మీద కురిసింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, ఒకరు అదే ఏడాది చనిపోయారు. చేపలు కొనాలంటేనే జడిసిన టోక్యో సుగినామి పేట గృహిణులు సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికి దేశమంతటా అవి 3 కోట్లు దాటాయి! 1954 ఏప్రిల్ 2న నెహ్రూ కూడా పరీక్షలు ఆపాలని పార్లమెంటులో కోరారు.

ఊడిన పాలపన్నును మన పిల్లలు ఇంటికప్పు మీదకు విసురుతారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ పిల్లలు 1958 చివరి నుంచి శాస్త్రవేత్తలకు పంపారు. బాంబు పరీక్షల్లో పుట్టే స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడి, ఆవు పాలలో చేరి, కాల్షియంలాగే పిల్లల ఎముకల్లో, పళ్లలో నిలిచిపోతుంది. దాని లెక్క తేలాలంటే పళ్లే కావాలి. పన్ను పంపిన పిల్లలకు ఒక బిళ్ల బహుమతి. ఇలా కొన్ని లక్షల పళ్లు పోగయ్యాయి. పరీక్షలు పెరిగిన కొద్దీ ఆ విషమూ పెరిగిందని తేలింది. ఏ తల్లికైనా ఇంతకంటే రుజువేం కావాలి?

రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1962 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ ముందు ప్లకార్డు పట్టుకుని బాంబు పరీక్షలపై నిరసన తెలిపి, ఆ సాయంత్రమే లోపల నోబెల్ గ్రహీతల విందుకు వెళ్లారు. మొహమాటం లేని మనిషి!

అదే ఏడాది సెప్టెంబరులో రాజాజీ 83 ఏళ్ల వయసులో వాషింగ్టన్ వెళ్లి, పరీక్షలు ఆపమని కెనెడీని ముఖాముఖి అడిగారు. ఆంధ్ర రాష్ట్ర ఉద్యమ రోజుల్లో మద్రాసు ముఖ్యమంత్రిగా మనవాళ్ల చేత తిట్లు తిన్న రాజాజీయే.

1963 ఆగస్టు 5న మాస్కోలో ఒప్పందం కుదిరింది. అది గాలిలో, అంతరిక్షంలో, నీటి అడుగున పరీక్షలను నిషేధించింది, భూగర్భంలో మాత్రం అవి సాగాయి.

2017 జులై 7న 122 దేశాలు అణ్వాయుధ నిషేధ ఒప్పందానికి ఓటేశాయి. బాంబులున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ ఆ చర్చలకు వెళ్లలేదు. వాటిలో మనదీ ఒకటి. ఈసారి మీ ఎంపీ ఊళ్లోకి వస్తే, ఎందుకు వెళ్లలేదో అడిగి చూడండి.