గాలానికి ఏ దారం కట్టాలి?

చెరువులో కొర్రమీను ఎరను పట్టింది. కర్ర వంగింది. గట్టిగా లాగారు. పుటుక్కున దారం తెగింది. చేప పోయింది, గాలం పోయింది, దానితోపాటు కొత్త రబ్బరు కప్ప కూడా పోయింది. తప్పు ఎవరిది? చాలాసార్లు తప్పు దారానిదే.

రబ్బరు కప్ప అంటే మెత్తని ప్లాస్టిక్ ఎర. ఇలాంటి మెత్తని ఎరలు అమెరికాలో బాస్ అనే చేప కోసం పుట్టాయి. 1949లో అక్కడ ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊళ్లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ప్లాస్టిక్ వానపామును తయారు చేశారు. బాస్ కూడా మన కొర్రమీను లాంటిదే. నాచు చాటున పొంచి ఉంటుంది. ఎర కనబడగానే ఎగిరి పడుతుంది. అందుకే ఆ ఎరలు మన కొర్రమీనుకూ పనికొచ్చాయి. ఇవి చవక కాదు. నాసి దారం కట్టి పోగొట్టుకుంటే మనకే నష్టం.

మరి దారం ఎలా కొనాలి? కొట్టు అతను ఇచ్చింది తెచ్చుకోకండి. దారం చుట్టిన రీలు చేతిలోకి తీసుకోండి. దాని మీద అంకెలు ఉంటాయి. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు కదా, చదవండి. 0.30 అనో, 0.40 అనో ఉంటుంది. అది దారం లావు, మిల్లీమీటర్లలో. అంకె పెరిగితే దారం లావు. రెండో అంకె బలం. ఎంత బరువుకు తెగుతుందో అది చెబుతుంది. కొన్నిటి మీద కిలోల్లో ఉంటుంది. కొన్నిటి మీద పౌన్లలో ఉంటుంది. ఇక్కడే మోసపోతాం. 10 పౌన్లు అంటే 10 కిలోలు కాదు, నాలుగున్నర కిలోలే. అంకె ఒక్కటే చూస్తే చాలదు. పక్కన కేజీ అని ఉందా, ఎల్‌బీ అని ఉందా అడిగి తెలుసుకోండి. ఎల్‌బీ అంటే పౌన్లు.

"మా చెరువులో చేప కిలో ఉంటుంది. 2 కిలోల దారం చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. చేప ఊరికే వేలాడదు. గింజుకుంటుంది, ఒక్క ఉదుటున గుంజుతుంది. కొర్రమీను అయితే నేరుగా తామర తూళ్లలోకి, గుర్రపుడెక్కలోకి దూరుతుంది. అప్పుడు మీరు చేపనే కాదు, ఆ చెత్తనంతా లాగాలి. పైగా ముడి వేసిన చోట దారం బలం తగ్గుతుంది. నైలాన్ దారం నీళ్లలో నానితే ఇంకొంచెం తగ్గుతుంది. అందుకే నాచు నీళ్లలో కిలో చేపకైనా 10 కిలోలకు తక్కువ దారం వద్దు. నాచు లేని తేట నీళ్లలో, చిన్న చేపలకు సన్న దారమే మేలు. లావు దారం చేప కంట పడుతుంది, ఎర కూడా సహజంగా కదలదు.

ఒంటి పోగు నైలాన్ దారం చవక. అది సాగుతుంది. చేప గుంజినప్పుడు ఆ సాగుడు మంచిదే. కానీ రబ్బరు కప్పకు మంచిది కాదు. ఎందుకంటే కొర్రమీను నోరు గట్టిది. దారం సాగితే గాలం లోతుగా దిగదు. అల్లిక దారం సాగదు. సన్నగా ఉన్నా బలం ఎక్కువ. నాచును కోసుకుంటూ వస్తుంది. రబ్బరు కప్పకు నా ఓటు దీనికే. ఫ్లోరోకార్బన్ అనే దారం కూడా అమ్ముతారు. అది ఖరీదు, పైగా నీళ్లలో మునుగుతుంది. తేలే కప్పకు దానితో పని లేదు.

అల్లిక దారంతో ఒక ప్రమాదం ఉంది. కొందరు కర్ర లేకుండా చేత్తోనే దారం విసురుతారు. అల్లిక దారాన్ని చేతికి చుట్టుకోకండమ్మా! చేప గుంజితే వేలు కోసేస్తుంది. చేత్తో లాగేవాళ్లకు లావు నైలాన్ దారమే మంచిది. దాన్నైనా కర్ర ముక్కకు చుట్టి పట్టుకోవాలి.

ఇక ముడి. నైలాన్ దారాన్ని కప్ప మూతి దగ్గరి రింగులో దూర్చండి. కొసను అసలు దారం చుట్టూ 5 సార్లు తిప్పండి. రింగు పక్కన చిన్న సందు ఉంటుంది. కొసను అందులోంచి తీయండి. బిగించే ముందు ముడిని ఉమ్మితోనో నీళ్లతోనో తడపండి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి దారం అక్కడే చెడుతుంది. అల్లిక దారం జారుతుంది. దాన్ని రెండు పేటలుగా మడిచి రింగులో దూర్చి ముడి వేయండి. ఆ ఉచ్చులోంచి కప్పను మొత్తం దాటించి బిగించండి.

చెరువుకు పోయే ముందు చివరి రెండు మూరల దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్లీ ముడి వేయండి. దారాన్ని ఎండలో వదలకండి. ఎండకు నైలాన్ పెళుసవుతుంది.

కోసిన ముక్కలను గట్టున పారేయవద్దు. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు. కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. మేతతో కలిసి గేదె కడుపులోకి పోతుంది. ముక్కలను సంచిలో వేసి ఇంటికి తెచ్చి, చిన్నగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.