చెరువు కత ఆడాలంటే ముందు వంకెంబడి నడవాల

మా చెక్కభజన జట్టు మొదటిసారి నీళ్ళ కరువు మీద ఆట కట్టినప్పుడు జనం చప్పట్లు బాగానే కొట్టినారు. పిల్లోళ్ళకు నీలం రంగు గుడ్డలు కట్టించినాం. ‘నీటిని కాపాడండి’ అని అట్టల మీద రాసి పట్టించినాం. ఆట అయిపోయినంక ముందర కూసున్న ఒక అవ్వ నన్ను పిలిచి, ‘బాగా ఎగిరినారు నాయినా. అయితే మన చెరువు నీళ్ళు యాటికి పోయినాయో చెప్పకపోతిరే?’ అనింది.

నా దగ్గిర జవాబు లేదు. నీళ్ళు లేవని ఆ అవ్వకు మేం చెప్పాల్సిన పనేముంది? బిందె మోసేది ఆమె కదా.

పర్యావరణం మీద ఆట ఎట్ల కట్టాల అని బడి అయివార్లు, కుర్రోళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతాంటారు. వాళ్ళకు ఈ అవ్వ మాటే చెప్తా. కష్టం ఉండాదని చెప్పే ఆట ఎవరికీ అక్కర్లేదు. అది ఎట్ల వచ్చిందో కండ్ల ముందర పెట్టే ఆట కావాల. రెండోసారి మేం అట్లాంటి ఆట ఎట్ల కట్టినామో, యాడ తప్పు చేసినామో చెప్తా వినండి.

మాది ఒంటిమిట్ట పక్క పల్లె. కోదండరాముని కల్యాణం వెన్నెల్లో జరిగే ఊరు అది. ఈ పక్క పల్లెల్లో రాముని పాటలంటే చెక్కభజనే. తెలియనోళ్ళకు రెండు ముక్కలు చెప్తా. చేతిలో జత చెక్కలు, వాటికి చిన్న ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. గుండ్రంగా నిలబడతారు. గురువు ఒక చరణం ఎత్తుకుంటే జట్టంతా అందుకుంటుంది. ఒకడు అడుగు తప్పితే పక్కోనికి తగులుతుంది. చెరువు కతకు ఇంతకన్నా తగిన ఆట నాకు కనపడలే. చెరువు కూడా అంతే, ఒకరు తప్పితే అందరికీ తగిలేదే.

ఈసారి మొదట చెక్కలు ముట్టనియ్యలే. ఒక ఆదివారం పొద్దున్నే జట్టులోని పదారు మందినీ చెరువు కట్ట మీదికి పిలుచుకొనిపోయినా. ఒకప్పుడు తూము తెరిచి చేన్లకు నీళ్ళు పంచిన నీరుగంటి కొడుకు, ఇప్పుడు ముసలాయన, మా ఎంట వచ్చినాడు. కట్ట దిగి, వంకెంబడి పైకి నడిచినాం.

చెరువు లోపల పూడిక, దాని మీద కంపచెట్లు. అది అందరికీ తెలిసిందే. వంకలో కొంత దూరం పోయినంక వంకే కనపడలే! చేన్లో కలిసిపోయి ఉండాది. దున్ని, చదును చేసి, అరటి పెట్టినారు. దాని పక్కనే ఎండిపోయిన బోర్లు, గొట్టాల మీద రాళ్ళు పెట్టినారు. పిల్లోళ్ళు లెక్కపెడ్తా పోయి, వేళ్ళు చాలక ఇడిచిపెట్టినారు.

అక్కడే ఒక చింతచెట్టు కింద కూసోని లెక్క తీసినాం. కడప జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున దగ్గిర దగ్గిర 700 మిల్లీమీటర్లు. అదీ కొన్ని దినాల్లోనే కుమ్మరిచ్చి పోతుంది. కింద రాతి నేల. నీళ్ళు ఉండేది ఆ బండల నెర్రెల్లోనే. చెరువు నిండి కొన్ని నెలలు నిలబడితే నీళ్ళు మెల్లగా ఆ నెర్రెల్లోకి దిగి, కట్ట కింది బావులకు ఊట వస్తుంది. వంక మూస్తే చెరువు నిండదు. చెరువు నిండకపోతే ఊట రాదు. ఊట రాకపోతే బోరు వేస్తారు. పక్కోడు ఇంకా లోతుకు వేస్తాడు, మొదటోని బోరు ఎండుతుంది. బోరు వేయాలంటే అనుమతి ఉండాల అని 2002లో వాల్టా చట్టం వచ్చింది. అయితే చట్టం కాగితంలో ఉంటుంది, అప్పు తెచ్చినోడు చేన్లో ఉంటాడు.

ఒక పిల్లోడు అడిగినాడు: ‘అన్నా, 2021లో అంత వాన పడింది కదా, మల్ల కరువేంది?’ మంచి మాటే అడిగినాడు. ఆ ఏడు నవంబర్ 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట పక్క పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మునిగినాయి. మనుషులు పోయినారు. అంత వాన చూసిన నేల మీదే ఇప్పుడు బిందెలు మోస్తాండాం. వాన పడినంత మాత్రాన చాలదు, దాన్ని నిలిపే తావు ఉండాల.

ఇది మన పెద్దోళ్ళకు తెలియని సంగతి కాదు. మా జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉండాది, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండు, చెరువుకు ఉండగూడని దోషాలు ఆరు అని దాంట్లో చెక్కినారు. కట్ట నీళ్ళు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడిమధ్య మిట్ట ఉండడం, నీళ్ళు జాస్తయి పారించే నేల తక్కువ కావడం - ఇవి ఐదు. ఇంకొకటి విని మా పిల్లోళ్ళు నా మొగం చూసినారు: నీళ్ళు తక్కువ, తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఆరున్నర నూర్ల ఏండ్ల కిందట రాతి మీద చెక్కిన తప్పునే మేం ఇప్పుడు బోర్లతో చేస్తాండాం.

ఇంగ ఆట. మొదట కట్టినప్పుడు ఒక దొంగను పెట్టినాం. తలగుడ్డ, పెద్ద మీసాలు, వంక పూడ్చి నవ్వుతాంటాడు. జనం నవ్వుతారని మా లెక్క. రెండో దినం తాలీములో మా జట్టు పిల్ల ఒకతి చెక్కలు కింద పెట్టేసింది. ‘ఆ అరటితోట మా నాయినది. మూడు బోర్లు ఎండిపోయినాయి. ఆ అప్పు కట్టనీకే వంకలోకి దున్నినాడు. ఆయన్ను చూసి ఊరంతా నవ్వాలనా మీరు ఆడేది?’ అనింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అందరూ తప్పు చేసినారంటే ఎవరూ చేయనట్లే అయిపోతుంది, అదీ నిజమే. అట్లని ఒకణ్ణి పట్టుకొని దొంగను చేస్తే, చూసేటోళ్ళంతా ‘హమ్మయ్య, నేను కాదు’ అని ఇంటికి పోతారు. మీసాలు పీకేసినాం. వంక మూసిన తావు మాత్రం పాటలో అట్లే ఉంచినాం, ఏ చెట్టు కాడో, ఏ గట్టు కాడో తెలిసేటట్లు. పేర్లు చెప్పలే.

ఇప్పుడు ఆట ఇట్ల ఉంటుంది. పద్నాలుగు మంది గుండ్రంగా నిలబడి, ఒక తావులో సందు ఇడుస్తారు. అది వంక. బయట నుంచి ఇద్దరు గజ్జెలు మోగించుకుంటా సందులో నుంచి లోపలికి వస్తారు. వాళ్ళు వాన నీళ్ళు. వాళ్ళు వచ్చేకొద్దీ గుండ్రం ఒక్కో అడుగు వెనక్కి జరిగి పెద్దదవుతుంది. చెరువు నిండి, మరవ పారుతుంది. జనం సంతోషపడతారు.

తర్వాత ఒక్కో చరణానికి సందు పక్కనుండే వాళ్ళు అరడుగు జరుగుతారు. వాళ్ళెనక అందరూ అరడుగు. చూసేటోళ్ళకు మొదట తెలియదు. నాలుగో చరణానికి సందు మూసుకొనిపోతుంది. నీళ్ళు ఇద్దరూ బయటే తిరిగి తిరిగి ఎల్లిపోతారు. గుండ్రం చిన్నదవుతుంది. అప్పుడు ఒకడు నడుమ వంగి చెక్కలు నేలకు ఆనించి మోగిస్తాడు, అది బోరు. ఇంకొకడు వానికన్నా కిందికి వంగుతాడు. మొదటోని చెక్కలు ఆగిపోతాయి. అట్ల ఒక్కొక్కటే ఆగిపోయి చివరికి ఒకే జత మోగుతాంటుంది. అదీ ఆగుతుంది. ఎనిమిది తాళాల సేపు ఎవరూ కదలరు. చెక్కభజనలో మోత ఆగితే ఎంత భయంగా ఉంటుందో కూసోని వినినోళ్ళకే తెలుస్తుంది.

ఆడిన రాత్రి ఆ పిల్ల నాయిన ఆట సగంలోనే లేసిపోయినాడు. వారం దినాలు ఆ పిల్ల ఆటకు రాలే. ఎనిమిదోనాడు వచ్చి, ‘కొలతలు పెడితే నేను వదులుతా, అయితే పైన ఉండేటోళ్ళూ వదలాల అన్న్యాడు మా నాయిన’ అని చెప్పింది. మా ఆటకు వచ్చిన మెప్పు అదొక్కటే. వంక ఇంగా తెరవలే, మాటలు నడుస్తాండాయి.

ఆటతో చెరువు నిండదు. అది నాకూ తెలుసు. అయితే 1990ల మొదట్లో మా పక్క నెల్లూరు జిల్లాలో కళాజాతలు అక్షరాల కోసం ఊరూరా తిరిగినాయి. చదువుకొనేకి కూసున్న దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మీదికి పోయినారు. పది మందిని ఒకచోట కూసోబెడితే, ఇంట్లో లోపల మింగే మాటలు బయటికి వస్తాయి. ఆట చేయగలిగింది అంతవరకే.

మీరూ ఆట కట్టాలనుకుంటే ఒకే ఒక్క కష్టం పట్టుకోండి. భూమి మొత్తాన్ని నెత్తిన పెట్టుకోవద్దండి. ఆడే పిల్లోళ్ళను ఆ తావుకు నడిపించండి. పెద్దోళ్ళను అడగండి. చెప్పాల్సింది అట్టల మీద రాయకుండా అడుగుల్లో పెట్టండి. ఎవరి మనసు కష్టపడతాదో ముందే కనుక్కోండి, నిజం మాత్రం తీసేయొద్దండి.

చివర్లో సందు తెరిచి, చెరువు నింపి ముగిద్దామని పిల్లోళ్ళు అడుగుతానే ఉండారు. వద్దన్న్యా. మా ఊర్లో వంక తెరిచిన దినం అడుగు మారుస్తాం. అంతవరకు సందు మూసే ఆడతాం.