‘హుసేన్’ పేరు – అర్థం, పుట్టుక, వ్యాప్తి

బళ్ళారి, రాయచూరు ప్రాంతాల హాజరు పట్టీల్లో హుసేనప్ప అనే పేరు అరుదు కాదు. ఆ పేరుగల విద్యార్థిని ‘నువ్వు ముస్లిమువా, హిందువువా?’ అని తోటివారు అడగటమూ, హిందువునని అతడు చెబితే నమ్మలేనట్టు చూడటమూ అంతే మామూలు. కొందరు ఈ ఇబ్బంది పడలేక పేరు మార్చుకుంటామంటారు. మార్చుకోవటం, మానుకోవటం వారి ఇష్టం. అయితే ఆ నిర్ణయానికి ముందు ఆ పేరు ఎక్కడిదో, మన ఊళ్ళకు ఎలా వచ్చిందో తెలుసుకోవటం అవసరమని మా అభిప్రాయం.

అరబ్బీ భాషలో చాలా మాటలు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. మధ్యలో అచ్చులు మార్చినా, ముందు వెనుకల అక్షరాలు చేర్చినా అర్థం కొత్త దారి పడుతుంది. హ-స-న అనే ధాతువుకు మంచితనం, అందం అని అర్థం. దాని నుంచి ‘హసన్’ అంటే మంచివాడు, అందగాడు. ‘హుస్న్’ అంటే సౌందర్యం. ‘ఎహ్‌సాన్’ అంటే మేలు, ఉపకారం. ‘మొహ్‌సిన్’ అంటే మేలు చేసేవాడు. ఈ మాటలు ఉర్దూలోనూ ఉన్నందున హైదరాబాదు వాసులకు కొత్తవి కావు. తహశీల్దారులోని ‘తహశీలు’ కూడా ఇక్కడిదే కాబోలు అనుకోరాదు. దాని ధాతువు వేరు, ‘వసూలు చేయటం’ అన్న అర్థమూ వేరు. అలాగే కర్ణాటకలోని హాసన పట్టణానికీ ఈ పేరుకూ సంబంధం లేదు. అది హాసనాంబ అనే దేవత పేరున వెలసిన ఊరుగా ప్రసిద్ధం.

ఇక హుసేన్ సంగతి. అరబ్బీలో ఒక మాటను ‘చిన్న’ చేయాలంటే మొదటి హల్లుకు ఉకారం, రెండో హల్లుకు ‘అయ్’ చేరుస్తారు. ‘అబ్ద్’ అంటే దాసుడు, ‘ఉబైద్’ అంటే చిన్న దాసుడు. పిల్లిని ‘హిర్రా’ అంటారు, పిల్లికూనను ‘హురైరా’ అంటారు. ప్రవక్త మాటలను అనేకం లోకానికి అందించిన అబూ హురైరా పేరుకు ‘పిల్లికూన తండ్రి’ అని అర్థం. పిల్లులంటే ఆయనకున్న ప్రేమ వల్ల వచ్చిన ముద్దుపేరది. ఇదే పద్ధతిలో హసన్ నుంచి ‘హుసైన్’ వచ్చింది. ‘చిన్న హసన్’ అనవచ్చు, ‘చిన్నారి అందగాడు’ అనీ అనవచ్చు. మన ఇళ్ళలో పెద్దయ్య, చిన్నయ్య అని అన్నదమ్ములకు పేర్లు పెట్టే వాడుక తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

నిజానికి ఈ పేరు అన్నదమ్ముల జంటలోనే ప్రసిద్ధికెక్కింది. మహమ్మదు ప్రవక్త కుమార్తె ఫాతిమాకు, అలీకి పుట్టిన పెద్ద కొడుకు హసన్, రెండవవాడు హుసేన్. హుసేన్ మదీనాలో హిజ్రీ 4వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 626లో జన్మించాడు. తాతగారే ఆ పేరు పెట్టారనీ, పూర్వం హారూన్ ప్రవక్త కొడుకులకున్న షబ్బర్, షబ్బీర్ అనే పేర్లకు ఇవి సాటి అనీ ముస్లిం సంప్రదాయం చెబుతుంది. తెలుగునాట తరచు వినిపించే షబ్బీర్ కూడా ఆ విధంగా హుసేన్‌కు మారుపేరే. అన్నదమ్ములిద్దరినీ కలిపి చెప్పటానికి అరబ్బీలో ద్వివచనం ఉంది. సంస్కృతంలో లాగే అరబ్బీకీ ద్వివచనం ఉండటం మన విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. ‘ఇద్దరు హసన్‌లు’ అనే అర్థంలో వచ్చిన ‘హస్‌నైన్’ ఇప్పుడు మన దేశంలో ఒకే పిల్లవాడికి పెట్టే పేరుగా ఉంది.

పేరుకు ఇంత వ్యాప్తి రావటానికి కారణం అర్థం కాదు, ఒక మరణం. హిజ్రీ 61 మొహర్రం 10వ తేదీన, అంటే క్రీ.శ. 680 అక్టోబరులో, యజీదు పాలనకు విధేయత ప్రకటించటానికి నిరాకరించిన హుసేన్, ఇరాకులోని కర్బలా మైదానంలో కొద్దిమంది అనుచరులతో, బంధువులతో కలిసి వధ అయ్యాడు. నీళ్ళు అందనివ్వకుండా చుట్టుముట్టారన్న వృత్తాంతం నేటికీ వినేవారిని ఏడిపిస్తుంది. షియాలకు ఆ రోజు సంవత్సరంలోకెల్లా పెద్ద సంతాపదినం. సున్నీలకూ ఆయన ప్రవక్త మనుమడు గనుక పూజ్యుడే. ఈ పేరు రెండు వర్గాలలోనూ సమానంగా కనిపించటానికి కారణం ఇదే. ‘గులాం హుసేన్’ (హుసేన్ సేవకుడు) వంటి జంటపేర్లు మాత్రం భక్తిని ఇంకొంచెం గట్టిగా చాటుతాయి. ‘అబ్దుల్ హుసేన్’ దగ్గర అభిప్రాయభేదం ఉంది. ‘అబ్ద్’ను దేవుడి పేరుకు తప్ప మరొకరి పేరుకు చేర్చరాదని సున్నీ పండితులు పలువురు అంటారు. షియాలు దానిని సేవకుడనే అర్థంలో వాడుతూనే ఉన్నారు.

దేశదేశాలలో పేరు రూపం మారింది. ఇరానులో హొసేన్, తుర్కీలో హుసెయిన్ అంటారు. మొరాకోలో అరబ్బీ ఉపపదం ‘అల్’ అతుక్కుపోయి ల్‌హుసేన్ అయింది. 1952 నుంచి 1999 వరకు జోర్డానును ఏలిన రాజుది ఈ పేరే. అమెరికా అధ్యక్షుడుగా చేసిన బరాక్ హుసేన్ ఒబామా పేరులోని మధ్యమాట, ఇస్లాం స్వీకరించిన ఆయన తాతగారి నుంచి వచ్చింది. 1967లో మన రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులోనే పుట్టారు.

తెలుగు నేలమీద ఈ పేరు పాతుకుపోవటానికి రాజులూ, పల్లెలూ రెండూ కారణం. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. వారి కాలంలో మొహర్రం రాజ్యమంతటా జరిగే ఉత్సవం అయింది. హైదరాబాదు నగరం వెలియటానికి (1591) సుమారు మూడు దశాబ్దాల ముందే ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో హుసేన్ షా వలీ తవ్వించిన చెరువు హుసేన్ సాగర్. రాజ్యాలు పోయినా పండుగ పల్లెల్లో నిలిచింది, ‘పీర్ల పండుగ’ అయింది. పీర్ల చావడిలో నిలిపే పంజాలలో హసన్, హుసేన్, కాసిం పేర్లవి ఉంటాయి. వాటిని ఎత్తుకొనేవారిలో, నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు ఎందరో. అనంతపురం జిల్లా గూగూడులోనూ, రాయచూరు జిల్లా ముద్గల్లులోనూ ఈ సమయంలో చేరే జనంలో మతం గుర్తుపట్టటం కష్టం.

సంతానం లేనివారు పీర్లకు మొక్కుకుంటారు. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు, లేదా ఆ నెలలోనే పుట్టిన బిడ్డకు పీరు పేరు పెడతారు. హుసేనప్ప, హుసేనమ్మ, ఫకీరప్ప, మస్తానమ్మ, దస్తగిరి, మౌలాలి – ఇవన్నీ ఆ కోవలోవి. కుళ్ళాయప్ప అనే పేరు గూగూడు కుళ్ళాయిస్వామిది. కుళ్ళాయి అంటే టోపీ, పారశీక ‘కులాహ్’ నుంచి వచ్చిన మాట. తమిళనాడులోని నాగూరు దర్గా పేరు గుంటూరు జిల్లా దాకా వచ్చింది. ‘మనో’గా పేరొందిన గాయకుడి అసలు పేరు నాగూర్ బాబు. ఇలాంటి పేరు మొక్కు చెబుతుందే గాని మతం చెప్పదు. హుసేనప్పను మతం అడిగినవారు ఈ సంగతి గ్రహించాలి.

తెలుగే మాతృభాషగా గల దూదేకుల ముస్లిముల ఇళ్ళలో పెద హుస్సేను, చిన హుస్సేను అనే పేర్లున్నాయి. హుసేన్ అంటేనే చిన్న హసన్ గనుక చిన హుస్సేనులో ‘చిన్న’ రెండుసార్లు వచ్చినట్టయింది. అదేమీ తప్పు కాదు, భాష అలాగే నడుస్తుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా (1924–1999) పేరులోనూ రెండు అరబ్బీ మాటల నడుమ మన ‘చిన’ కూర్చుంది.

ఇంగ్లీషువారి చెవికి ఈ పేరు పడిన పాట్లు మరీ చిత్రం. మొహర్రం ఊరేగింపులో గుండెలు బాదుకుంటూ ‘యా హసన్! యా హుసేన్!’ అని అరిచే కేకలు వారికి ‘హాబ్సన్-జాబ్సన్’ అని వినిపించాయి. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ఆంగ్లో-ఇండియన్ పదకోశానికి అదే పేరు. పరాయి మాటను తమ నోటికి పట్టేట్టు వంచుకోవటానికి భాషాశాస్త్రంలో ఆ మాటే ఒక సంజ్ఞగా కూడా చలామణి అయింది.

చివరగా వర్ణక్రమం. అరబ్బీ, ఉర్దూ లిపుల్లో ఈ పేరుకు నాలుగే అక్షరాలు. సకారం ఒక్కటే. కాబట్టి ‘హుసేన్’ మూలానికి దగ్గర. ‘హుస్సేను’లోని ద్విత్వం, చివరి ఉకారం తెలుగు అలవాటు. ‘ఉసేను’ కూడా పల్లె పలుకుబడిగా సాధువే. కన్నడంలో, మరాఠీలో హుసేన్ అనే రాస్తారు. తమిళంలో ఉసేన్ అని కూడా రాస్తారు. ఇంగ్లీషులో ఒక ఎస్, రెండు ఎస్‌లు, ఏఐ, ఈఐ అన్నీ వాడుకలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. చిక్కు వచ్చేది ఒకే వ్యక్తి పట్టాల్లో రెండు మూడు రూపాలు చేరినప్పుడు. పదో తరగతి పట్టాలో పడిన రూపాన్నే తరువాత అన్ని కార్యాలయాలూ అడుగుతాయి గనుక, ఆ దరఖాస్తు నింపే రోజునే విద్యార్థి ఒక రూపం ఎంచుకొని, ఇంట్లోవారికీ ఉపాధ్యాయుడికీ అదే రాసి చూపటం మంచిది.